నాలుగు గంటల వంతెన

యుద్ధ మంత్రి కార్యాలయం
జూన్ 4

చిన్నోడా,

పైన అచ్చేసిన ముద్ర చూసి కంగారు పడకు. ఇంట్లో కాగితాలు అయిపోయాయి. ఇక్కడ మాత్రం బీరువాల నిండా ఉన్నాయి.

నాకీ పదవి ఇచ్చి నేటికి ఇరవై మూడు రోజులు. బీమా కంపెనీల తరఫున పాతికేళ్ళు కేసులు వాదించినదాన్ని తీసుకొచ్చి ఏకంగా యుద్ధాన్నే చేతిలో పెట్టారు. బావ ఏమన్నాడో తెలుసా? "ఇన్నాళ్ళూ పోయినవాళ్ళ సంగతి చూశావు, ఇక పోబోయేవాళ్ళ సంగతి చూడు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. పక్క మీదికి చేరాక ఆలోచిస్తే అంత నవ్వదగ్గ మాటేం కాదనిపించింది.

నా కుర్చీ నాకు ముందున్నాయన కోసం చేయించింది. ఆయన ఆరడుగుల మనిషి. నా కాళ్ళు నేలకి ఆనవు. రెండు లావుపాటి చట్టాల పుస్తకాలు కింద పెట్టుకుని వాటి మీద ఆనించుకుంటున్నాను. ఎదురుగా గోడంత పటం. అందులో మీ నది నీలం దారంలా ఉంటుంది, వేలితో దాటేయొచ్చు.

యుద్ధ మండలిలో ఐదుగురం. పెద్దాయనది చక్కెర మిల్లు. ఒకాయన పత్రిక నడుపుతాడు, ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన కాలేజీలో భూగోళం చెప్పేవాడు. ఒక్కరం కూడా తుపాకీ పట్టినవాళ్ళం కాదు. ఆ సంగతి ముసలి జనరల్ మాకు రోజూ గుర్తు చేస్తూనే ఉంటాడు, నోటితో కాదు, చూపుతో. నేనేం అడిగినా "అది మీరనుకున్నంత తేలిక కాదమ్మా" అంటాడు. ఆ "అమ్మా" వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నది మీద వంతెన వెయ్యాలంటే రెండు రోజులు పడుతుందట. రెండు రోజులంటే అవతలివాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చుని తమాషా చూడరూ?

బయట గేటు దగ్గర రోజూ వంద మంది అట్టలు పట్టుకుని నిలబడుతున్నారు, యుద్ధం వద్దని. అరవరు, కదలరు. నా కారు వచ్చినప్పుడు అందరూ ఒక్కసారే తల తిప్పి చూస్తారు. అరిచినా బాగుండేది.

ఇరవై ఏళ్ళుగా నువ్వు సైన్యంలో ఉన్నావు. నీ పనేమిటని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వంతెన ఎలా వేస్తారు? ఎంతసేపు పడుతుంది? జనరల్ భాషలో కాదు, నాకు అర్థమయ్యేలా రాయి.

వేళకి తిను.

నీ అక్క

*

ఇంజనీర్ల కంపెనీ
జూన్ 13

అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా పని గురించి నువ్వు అడగడం ఇదే మొదటిసారని నువ్వే రాశావు కాబట్టి నేను దెప్పాల్సిన పని తప్పింది.

వంతెనంటే రాయీ సిమెంటూ అనుకునేవు. మాది తేలే వంతెన. ఇనప పడవల్ని ఒకదాని పక్కన ఒకటి నీళ్ళలో నిలబెట్టి, లంగర్లు వేసి, మోకులతో బిగించి, పైన పలకలు పరుస్తాం. దాని మీద లారీ వెళ్తుంది, ట్యాంకు వెళ్తుంది. పడవ ఒక్కటి అటూ ఇటూ అయితే మొత్తం పాములా మెలికలు తిరుగుతుంది.

మా కంపెనీలో నూట పద్దెనిమిది మందిమి. అందులో నాకు కుడి భుజం మా సార్జెంటు. సైన్యంలోకి రాకముందు తాపీపని చేసేవాడు, అందుకే అందరూ మేస్త్రి అంటారు. బొడ్డు దాకా నీళ్ళలో నిలబడి, చేతిలో ఒక గడకర్రతో, కళ్ళు మూసుకుని నది అడుగు ఎలా ఉందో చెప్పేస్తాడు. "సార్, ఇక్కడ బురద నవ్వుతోంది" అన్నాడంటే అక్కడ లంగరు వెయ్యకూడదని అర్థం. అధికారి నేనే అయినా పని అతనిది. కొత్తగా ఒక లెఫ్టినెంట్ వచ్చాడు. బొమ్మలు చక్కగా గీస్తాడు. మేస్త్రి బొమ్మ గీసి వంటపాక తలుపుకి అంటించాడు.

ఎంతసేపు పడుతుందంటావా? మొన్న శిక్షణ చెరువులో నాలుగు గంటల పది నిమిషాల్లో వేసేశాం. మొత్తం సైన్యంలోనే ఇంత తొందరగా వేసినవాళ్ళు లేరు. మీ ముసలి జనరల్ రెండు రోజులన్నాడని చెప్తే మావాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన కుర్రతనంలో వంతెనలు కర్రవి కాబోలు.

బావని అడిగానని చెప్పు. కళ్ళజోళ్ళ దుకాణం ఎలా నడుస్తోంది?

నీ తమ్ముడు

*

జూన్ 20

బంగారు తండ్రీ,

నీ ఉత్తరం ఏం చేసిందో తెలుసా?

నిన్న మండలిలో జనరల్ మళ్ళీ రెండు రోజుల పాట ఎత్తుకున్నాడు. నేను సంచిలోంచి నీ ఉత్తరం తీశాను. "వంతెన వేసే మనిషి రాసింది చదవనా?" అని అడిగి, "నాలుగు గంటల పది నిమిషాల్లో" అన్నచోట ఆగి ఒక్కొక్కరి మొహం చూశాను. పళ్ళ డాక్టరు బల్ల మీద చరిచాడు. భూగోళం మేష్టారు ఆ వాక్యం రాసుకున్నాడు. కర్ర వంతెనల మాట కూడా చదివేశాను. చదవకుండా ఉండాల్సిందేమో. ముసలాయన మొహం చిన్నబోయింది. "చెరువు వేరు, నది వేరమ్మా" అని మాత్రం అన్నాడు. "మీరు చివరిసారి వంతెన వేసి ఎన్నేళ్ళయింది?" అని అడిగాను. ఆయన పటం చుట్టేసి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

నా జీవితంలో కోర్టులో ఇంత బాగా ఎప్పుడూ వాదించలేదు. అదీ నీ సాక్ష్యంతో. బయటికొస్తుంటే పెద్దాయన నా భుజం తట్టి "మీ తమ్ముడు నిప్పు" అన్నాడు.

బావ దుకాణం అద్దం ఎవరో పగలగొట్టారు. యుద్ధం వద్దనేవాళ్ళేనని పోలీసుల మాట. బావ మాత్రం ఎవరి మీదా ఫిర్యాదు ఇవ్వనన్నాడు. గాజుపెంకులు తనే ఊడ్చుకున్నాడు. ఈమధ్య నాతో ఎక్కువ మాట్లాడటం లేదు.

ఇంకా వివరాలు రాయి. నువ్వు రాసే ప్రతి ముక్కా పనికొస్తుంది.

అక్క

*

జూన్ 27

అక్కా,

గుండెల్లో రాయి పడింది. అది నీకు రాసుకున్న ఉత్తరం. మండలికి రాయలేదు.

ముందు ఇది చదువు, ఆఖరి దాకా చదువు. చెరువు వెడల్పు ఎనభై గజాలు, నీళ్ళు కదలవు. నది రెండు వందల నలభై గజాలు. ఎగువ వానలకి ఇప్పుడు ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. చెరువుగట్టు గట్టి నేల. ఇక్కడి ఒడ్డు మెత్తటి ఒండ్రు. పడవలు మోసే లారీ నీళ్ళ దాకా రాకముందే ఇరుసు దాకా దిగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, చెరువు దగ్గర మమ్మల్ని ఎవరూ కాల్చలేదు. భోజనానికి గంట కూడా కొట్టారు.

మీ జనరల్ చెప్పింది నిజం. రెండు రోజులు. అదీ అవతలి ఒడ్డు ముందు మన చేతికొస్తే. నేను గొప్పలు పోయాను. నువ్వు అడిగావన్న సంబరంలో నోరు జారాను. ఆ మాట మండలిలో నా పేరు మీదే చెప్పు, నాకేం నామోషీ లేదు.

బ్రిగేడియర్ నన్ను పిలిపించాడు. బల్ల మీద కాగితం పెట్టి, "నాలుగు గంటలట. పైనుంచి వచ్చింది. ఎవరి లెక్కో తెలుసా మేజర్?" అన్నాడు. తెలియదన్నాను. ఆయనకి తెలుసు. "మీ అక్కకి మీరే రాయండి. నేను రాస్తే పిరికివాడంటారు, మీరు రాస్తే నమ్ముతారు" అన్నాడు. అందుకే రాస్తున్నాను. ఆయన చెప్పకపోయినా రాసేవాణ్ణే.

మేస్త్రి రోజూ గడకర్రతో దిగి చూస్తున్నాడు. ఎక్కడ పొడిచినా బురద నవ్వుతూనే ఉందట. రెండు నెలలు ఆగండి. నీళ్ళు తగ్గుతాయి, ఒడ్డు ఆరుతుంది. ఇప్పుడే దూకమంటే మావాళ్ళు దూకుతారు, అనుమానమేం లేదు. నా భయమంతా అదే.

తమ్ముడు

*

జూలై 3

చిన్నోడా,

చదివాను. ఆఖరి దాకా చదివాను.

నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతే. పరీక్ష రాసొచ్చి ఇంట్లో దుప్పటి కప్పుకుని "తప్పుతాను" అని ఏడ్చేవాడివి. ఫలితాలొస్తే క్లాసులో మొదటి ముగ్గురిలో ఉండేవాడివి. అమ్మ ఏమనేదో నీకూ గుర్తే, వీడి భయాన్ని నమ్మకండి అనేది. నేను నమ్మను.

పైగా ఈ ఉత్తరం నీది కాదని నాకు తెలుసు. నీ చేత్తో బ్రిగేడియర్ రాసిన ఉత్తరం. సైన్యంలో ఈ పైవాళ్ళంతా ఒక్కటే. మేము అమాయకులమని వాళ్ళ ధీమా. నీలాంటి పనివాడి నోటి నుంచి నిజం వచ్చేసరికి నీ నోరే నొక్కాలని చూస్తున్నారు. అయినా ఒక మాట మాత్రం నీదేనని గుర్తుపట్టాను. "దూకమంటే మావాళ్ళు దూకుతారు, అనుమానమేం లేదు." అంత వరకు చదివి వినిపించాను. పెద్దాయన కళ్ళు చెమర్చాయి.

రెండు నెలలు ఆగడం కుదరదు. శాసనసభ ఈ నెల పదిహేనున కూడుతుంది. అప్పటికి మన జెండా నది అవతల లేకపోతే మా అందరి పదవులూ పోతాయి. తర్వాత వచ్చేవాళ్ళు సంధి చేసుకుంటారు. అప్పుడు ఇంతవరకు పోయినవాళ్ళంతా ఎందుకు పోయినట్టు?

తేదీ రాయకూడదు. నీ గురించి నేను తీసుకోవలసిన జాగ్రత్త తీసుకున్నాను. బెంగ పెట్టుకోకు.

కుర్చీ మార్పించాను. ఇప్పుడు కాళ్ళు నేలకి ఆనుతున్నాయి.

అక్క

*

జూలై 14

అక్కకి,

తొమ్మిదో తారీకున జరిగిందేమిటో నీకు పటం మీద చూపించే ఉంటారు. చూసినవాణ్ణి కాబట్టి నేను రాస్తున్నాను.

తెల్లవారుతుండగా మొదలుపెట్టాం. అంతకు ముందు రోజు సాయంత్రమే బ్రిగేడియర్ నాకు హుకుం ఇచ్చాడు. నేను నీళ్ళలోకి దిగకూడదు, ఒడ్డున ఇటుకగోడ వెనక వైర్‌లెస్ దగ్గరే ఉండాలి. వంతెన పని లెఫ్టినెంట్ చూస్తాడు. నేను వాదించాను. "హుకుం హుకుమే మేజర్" అన్నాడు, నా మొహం చూడకుండా. నీకు రాసిన ఉత్తరం పని చెయ్యలేదని నా మీద కసి తీర్చుకున్నాడని నా నమ్మకం. ఆయన్ని ఎప్పటికీ క్షమించను.

మొదటి లారీయే ఒడ్డున కూరుకుపోయింది. పడవల్ని మనుషులు భుజాల మీద మోసుకెళ్ళారు. నాలుగు గంటలు గడిచేసరికి ఇరవై ఆరు పడవలకి ఐదు నిలబడ్డాయి. మేస్త్రి మెడ లోతు నీళ్ళలో మోకు పట్టుకుని అరుస్తున్నాడు, నాకు వినపడుతూనే ఉంది. అప్పుడు అవతలి నుంచి ఫిరంగులు మొదలయ్యాయి. తొందరేం లేనట్టు, ఒకటి తర్వాత ఒకటి. లెఫ్టినెంట్ వైర్‌లెస్‌లో అడిగాడు, "సార్, ఏడో పడవ లంగరు నిలవడం లేదు, వదిలేసి ముందుకి పొమ్మంటారా?" ఇక్కణ్ణుంచి నాకు ఏడో పడవ కనపడదు. పొగ. పొమ్మన్నాను.

పదకొండు గంటలకి మోకు తెగి, ఆ ఏడో పడవ దగ్గరే వంతెన రెండుగా విడిపోయింది. ఏడో పడవ దాటి వెళ్ళినవాళ్ళలో ఒక్కడూ వెనక్కి రాలేదు. రావడానికి దారి లేదు. నూట పద్దెనిమిది మందిలో అరవై ఒక్కమంది పోయారు. లెఫ్టినెంట్ పోయాడు. అతనికి పెళ్ళై ఏడాది కాలేదు. మేస్త్రికి ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ముందే పడవల్లో అవతలికి దాటిన పదాతి దళం ఒక పొలమంత నేల పట్టుకుని వేలాడుతోంది. వాళ్ళకి తూటాలు పంపడానికి కూడా దారి లేదు.

నేను నాలుగు గంటలని రాశాను. నాలుగు గంటలకి ఐదు పడవలు.

తమ్ముడు

*

జూలై 20

చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. నువ్వు క్షేమంగా ఉన్నావు, మిగతా సంగతులు తర్వాత.

బ్రిగేడియర్‌ని ఏమీ అనకు. ఆయన తప్పు లేదు. నిన్ను నీళ్ళలోకి దింపొద్దని నేనే ఫోన్ చేసి చెప్పాను. మొదట ఆయన ఒప్పుకోలేదు. ఆ పని తెలిసినవాడు నువ్వొక్కడివే, నువ్వు లేకుండా వాళ్ళని పంపలేనన్నాడు. మంత్రిగా చెప్తున్నానన్నాను. అమ్మ పోతూ పోతూ నీ చెయ్యి నా చేతిలో పెట్టింది. ఇంకేం చెయ్యమంటావు నన్ను?

మొన్న ఆసుపత్రికి వెళ్ళాను. కావాలనే నీ మేస్త్రి మంచం వెతుక్కుని వెళ్ళాను. దుప్పటి ఎడమవైపు చదునుగా ఉంది. చూడగానే కన్నీళ్ళు ఆగలేదు. పక్కనున్న ఫోటోగ్రాఫర్‌ని వద్దన్నాను, అయినా తీశాడు. మీ మేజరు మా తమ్ముడేనని చెప్పాను. అతను నమస్కారం పెట్టాడు. తల ఊపాడు. చాలా మర్యాదస్థుడు.

సభ సజావుగానే జరిగింది. పొలమంతైనా అవతలి నేల మనదే కదా. "దాటి వెళ్ళినవాళ్ళలో ఒక్కడూ వెనక్కి రాలేదు" అని నువ్వు రాసిన వాక్యాన్ని పెద్దాయన రేడియోలో చదివాడు. దేశమంతా కదిలిపోయింది. సైన్యంలో చేరడానికి బారులు తీరారు. గేటు దగ్గర అట్టలవాళ్ళు కూడా సగానికి తగ్గారు.

ప్రతిపక్షంవాళ్ళు విచారణ అడిగారు. వేశాం. ముగ్గురు పెద్దమనుషులు. నువ్వేం భయపడక్కర్లేదు.

కాస్త నిద్రపో.

అక్క

*

జూలై 29

మంత్రి గారికి,

నేను ఇరవై ఏళ్ళుగా నేర్చుకున్న పని ఒక్కటే, మోకు బిగువు చూసి లంగరు నిలుస్తుందో లేదో చెప్పడం. ఏడో పడవ దగ్గర నేనుంటే చెప్పేవాణ్ణి. మూడు నెలల అనుభవం ఉన్నవాడు నన్ను అడిగాడు, నేను గోడ వెనక నుంచి పొమ్మన్నాను. నువ్వు నన్ను కాపాడలేదు. నన్ను వాళ్ళకి లేకుండా చేశావు.

బతికినవాళ్ళు నాకు సెల్యూట్ చేస్తారు, పలకరించరు. ఆసుపత్రికి వెళ్తే మేస్త్రి నిద్రపోతున్నాడని నర్సు చెప్పింది. మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ నిద్రే.

రెండు అడుగుతున్నాను. ఒకటి, తర్వాతి దాటింపుకి నన్ను మామూలు సిపాయిగానైనా పంపించు. రెండు, విచారణలో నేను చెప్పేదానికి అడ్డు రాకు. నీ ఉత్తరాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఫోన్ సంగతి రాసింది కూడా. అన్నీ వాళ్ళకి ఇచ్చేస్తున్నాను.

మేజర్, ఇంజనీర్ల కంపెనీ

*

ఆగస్టు 16

తమ్ముడూ,

మంత్రి గారికి అని రాశావు. చదివి చింపెయ్యబోయి ఆగాను.

నా ఉత్తరాల కట్ట విచారణవాళ్ళు విప్పకుండానే నాకు తిరిగి పంపేశారు. పైన చీటీ పెట్టారు, "కుటుంబ వ్యవహారం, విచారణకు సంబంధం లేదు" అని. పరువు తెలిసిన మనుషులు. అక్క రాసిన ఉత్తరాలు ఊళ్ళోవాళ్ళ ముందు పరుస్తావనుకోలేదు. బావకి చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. నీ మీద కోపమో నా మీదో అడగలేదు. ఇప్పుడు దుకాణం వెనక గదిలోనే పడుకుంటున్నాడు.

నీ నాలుగు గంటల ఉత్తరం మాత్రం దస్త్రంలో ఉండిపోయింది. మండలిలో చదివాం కాబట్టి అది ప్రభుత్వ పత్రం అయిందట. నువ్వు తర్వాత రాసింది పూర్తిగా చదవలేదు కాబట్టి అది కాలేదు. చట్టం అంతే, నేను రాయలేదు దాన్ని. మేస్త్రి కూడా వాంగ్మూలం ఇచ్చాడు, చెరువు దగ్గర మేజరుగారు గొప్పగా నాలుగు గంటలన్నారని. అది నిజమే కదా. అతన్నెవరూ బలవంతం చెయ్యలేదు. పింఛను సంగతి నేను ముందే చూశాను, దానికీ దీనికీ ముడి పెట్టకు.

తీర్పు ఇది. ఇంజనీరు అధికారి అంచనా తప్పు. నీ హోదా తగ్గిస్తారు. జైలు అన్నారు, నేను పడనివ్వలేదు. వెనక ఊళ్ళో బూట్ల గిడ్డంగికి వేయించాను. పొడి గది, పైకప్పు గట్టిది, ఫిరంగి మోత వినపడదు. నువ్వడిగిన మొదటిది మాత్రం నా వల్ల కాదు. అది తప్ప ఇంకేమైనా అడుగు.

నేను పడిపోతే ఆ అరవై ఒక్కమంది ఊరికే పోయినట్టవుతుంది. అది అర్థం చేసుకుంటే నన్ను తిట్టుకోవు.

అక్క

*

బూట్ల గిడ్డంగి
ఆగస్టు 30

అక్కా,

ఇక్కడికి ముందు వాడిన బూట్లు వస్తాయి. కడిగి, అరిగిన అడుగులు మార్చి, తిరిగి పంపుతాం. కొన్నిట్లో ఒండ్రు ఎండిపోయి ఉంటుంది. చాకుతో గీకి తీస్తాం. పని కష్టం కాదు. నువ్వన్నట్టు పొడి గదే.

నిన్న సెలవు పెట్టి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. ఈసారి మేస్త్రి మెలకువగా ఉన్నాడు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, చంకకర్రకి గుడ్డ చుట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను.

"నేను చెప్పింది అబద్ధం కాదు కదా సార్" అన్నాడు.

"కాదు" అన్నాను.

"మీ అక్కగారు మంచావిడ. ఇక్కడే కూర్చుని ఏడ్చింది. మావాళ్ళు పోయారని నా ముందు ఏడ్చింది ఆవిడొక్కతే."

అప్పుడు చెప్పాను, ఫోన్ సంగతి. నన్ను ఒడ్డున కట్టేసింది ఎవరో, నేనెందుకు రాలేదో. చెప్తే తేలికపడతాననుకున్నాను. అతను గుడ్డ ముడి వేసుకుంటూనే విన్నాడు.

"నాకూ ఒక అక్క ఉంటే అంతే చేసేది సార్. ఆవిణ్ణేం అనను. కానీ ఆ ఫోన్ సంగతి ఆ రోజు మీకు తెలీదు కదా?"

"తెలీదు."

"ఒడ్డున పడవలు ఇంకా పదిహేడు ఉన్నాయి. మీకు అడ్డంగా నిలబడ్డవాడెవడూ లేడు. నేను మెడ లోతులోంచి చూస్తూనే ఉన్నా. ఇప్పుడొస్తారు సారు, ఇప్పుడొస్తారు సారు అనుకున్నా. లెఫ్టినెంటు గారు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. ఎందుకు రాలేదు?"

హుకుం అన్నాను. అతను నవ్వలేదు, తిట్టలేదు. "చాల్లెండి, బస్సుకి టైమవుతుంది మీకు" అన్నాడు.

బస్సులో ఆలోచించాను. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? బ్రిగేడియర్ హుకుం ఇచ్చినప్పుడు నేను వాదించానని నీకు రాశాను. వాదించాను, ఒక్క నిమిషం. తర్వాత గోడ వెనకకి నడిచాను. నాకు ఊరట కలిగింది అక్కా. వాళ్ళని నీళ్ళలోకి పంపుతూ నాకు ఊరట కలిగింది. నీ మీద, బ్రిగేడియర్ మీద కోపం పెంచుకుంటూ వచ్చింది దాన్ని చూడకుండా ఉండటానికే. ఇక ఎవరి మీదా కోపం లేదు.

ఈ మాట నువ్వు మండలిలో చదవవని నాకు తెలుసు.

తమ్ముడు

*

సెప్టెంబరు 6

చిన్నోడా,

ఎన్నాళ్ళకి మళ్ళీ అక్కా అని రాశావు. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను.

మిగతాదంతా బాధలో రాశావు, ఆ బాధ పోతుంది. నాకు కావలసిన మాట ఒక్కటే, ఊరట కలిగిందని రాశావు చూడు, అది. ఈ రెండు నెలలూ నేను చేసింది తప్పేమోనని లోలోపల నలిగిపోయాను. ఆ ఒక్క మాటతో నా గుండె బరువు దిగిపోయింది. నిన్ను నీకంటే నేనే బాగా ఎరుగుదును. ఇంక ఎవరేమన్నా నాకు లెక్కలేదు.

రెండో దాటింపు సోమవారం. నీళ్ళు తగ్గాయట, ఒడ్డు కూడా ఆరిందట. కానీ అవతలివాళ్ళు ఈ రెండు నెలల్లో ఫిరంగులు మూడింతలు చేశారని ముసలి జనరల్ అన్నాడు. ఆయన్ని మొన్నే ఇంటికి పంపేశాం. కొత్త జనరల్ ఏదడిగినా సరేనంటాడు, హాయిగా ఉంది.

ఈసారి వంతెన వెయ్యడానికి వెళ్తున్న మేజరు వివరాలు నా బల్ల మీదికి పంపారు. ఎవరి తమ్ముడో, ఇంటి దగ్గర ఎవరున్నారో అన్నీ ఉంటాయి అందులో. తెరవకుండానే సంతకం పెట్టి పంపించేశాను. తెలిస్తే నాకు నిద్ర పట్టదు.

ఆ గిడ్డంగిలో తడి తగలకుండా చూసుకో.

ప్రేమతో,
అక్క